పోలయ్య వంతుకు నేను కొట్టిన పార్సిల్ కిటికీ

పులికాట్ సరస్సుకు వెబ్ ఏపీఐ తెచ్చిన మొట్టమొదటి మనిషిని నేను. ఒకప్పుడు ఆ నీళ్ల మీద పడవలన్నీ నా కోడ్ చెప్పినట్టు నడిచేవి. మా మనవరాలికి ఈ సంగతి ఇలాగే చెప్పాను. అది బడిలో అందరికీ చెప్పింది. వాళ్ల టీచరు నన్ను వచ్చి పిల్లలతో మాట్లాడమంది. వెళ్లేలోపు కాస్త సర్దుకుంటే మంచిదని ఇది రాస్తున్నాను. పడవలు గడకర్రతో నడిచేవి. మొదటి మనిషినన్న మాట మాత్రం నిజమే కావచ్చు. ఆ పని ఎవరు చేస్తారని అడిగినప్పుడు మా ఆఫీసులో ఇంకెవరూ తలెత్తలేదు మరి.

నా పేరు మస్తాన్. బిట్రగుంటలో రైల్వే కాలనీ పక్కన పెరిగాను. మా నాన్న రైల్వేవాళ్ల యూనిఫారాలు కుట్టేవాడు. నెల్లూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ప్రమోషన్ల గురించి రాయను, రాసేటన్ని రాలేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగేది ఒకటే. "పాత వెబ్‌సైటుకు ఏపీఐ పెట్టమన్నారు తాతా, ఎట్లా?" ఎట్లా పెట్టాలో నేర్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. పెట్టిన తర్వాత ఏమవుతుందో మాత్రం నేను చెప్పగలను.

వంటగది ఒకటే

ఏపీఐ అంటే ఏమిటో మా యజమాని రమణయ్య గారికి నేను చెప్పిన తీరు ఇది.

"హోటలుంది సార్. మనిషి వచ్చి కూర్చుంటే ఆకు వేసి, నీళ్లు పెట్టి, వరసగా వడ్డిస్తాం. అది వెబ్ పేజీ. ఇప్పుడు ఫోన్లో యాప్ వస్తుంది. దానికి ఆకు అక్కర్లేదు, కుర్చీ అక్కర్లేదు. కూర కట్టిస్తే చాలు, తన కంచంలో తనే పెట్టుకుంటుంది. అందుకని పక్కగోడకు పార్సిల్ కిటికీ కొడతాం. అదే ఏపీఐ."

రమణయ్య గారు వెంటనే అడిగారు. "మరి వంటగది?"

"వంటగది ఒకటే సార్."

"అయితే సరే. గోడ కొట్టేటప్పుడు పాతది కదలకూడదు, చూసుకో. నడిచే బండికి రిపేరు చెయ్యబాకరా అని మా నాయన చెప్పేవాడు."

వంటగది ఒకటే అని నా నోటితో నేనే అన్నాను. మీరు ఈ మాట గుర్తుంచుకోండి. నేను ఉంచుకోలేదు.

రమణయ్య గారు మంచి యజమాని. జీతం ఆపేవారు కాదు, అరిచేవారు కాదు. ఉన్నదల్లా భయం. పాత కోడ్ అంటే పాముపుట్టలా చూసేవారు. ముట్టుకోవద్దనేవారు, దగ్గరికి పోయి తొంగి చూడొద్దనేవారు. ముట్టుకోకపోవడం జాగ్రత్తే. చదవకపోవడం మాత్రం బద్ధకం. ఈ రెండింటికీ తేడా తెలియని యజమానులు అన్ని ఊళ్లలోనూ ఉన్నారు, వాళ్ల భయం మనకు సుఖంగా ఉంటుంది కాబట్టి మనం కూడా ఊరుకుంటాం.

వంతు

ఆ వెబ్‌సైటు దొరవారిసత్రం దిగి తూర్పుగా పోతే సరస్సు ఒడ్డున వచ్చే ఒక ఊరిది. పేరు చెప్పను. అక్కడివాళ్లు ఇప్పటికీ నన్ను చూస్తే నవ్వుతారు.

సరస్సులో రొయ్య బాగా పడే చోట్లు కొన్నే ఉంటాయి. అందరూ అక్కడే వల కడతామంటే తలలు పగులుతాయి. అందుకని చేపలు పట్టే కుటుంబాలవాళ్లు చీట్లు తీసి వంతులు వేసుకుంటారు. ఒక చోటు, ఒక రాత్రి, ఒక కుటుంబం. పొద్దుగూకేటప్పుడు పోయి వల కట్టాలి, తెల్లవారాక విప్పుకుని రావాలి. మరుసటి రాత్రి ఇంకొకరిది. వంతు వచ్చినా పోకపోతే వంతు పోయినట్టే. అన్నిటికన్నా పెద్ద తప్పు ఇంకొకరి వంతులో వల ఉంచడం. అలా ఉంచినవాడి పడవ, అందరి వంతులూ ఒక చుట్టు తిరిగేదాకా, ఒడ్డునే ఉండిపోవాలి. చుట్టు తిరిగేసరికి రొయ్య కాలం దాటిపోతుంది. ఇక ఆ ఏడాది వాడు ఎవరి రొయ్యల గుంటలోనో కూలికి పోవాల్సిందే.

ఆ ఊరి సంఘం వాళ్లు వంతులన్నీ ఒక వెబ్ పేజీలో పెట్టించుకున్నారు. పేజీ తెరిస్తే ఈ రోజు ఏ చోటు ఎవరిదో చెబుతుంది. మా ఆఫీసులో అంతకుముందు పనిచేసిన ఒక కుర్రవాడు దాన్ని చేసి బెంగుళూరు వెళ్లిపోయాడు. తర్వాత ఊళ్లోవాళ్లు ఫోన్లో యాప్ కావాలన్నారు. వంతు రాగానే గంట కొట్టి పేరు చూపించాలి. యాప్ చేసేవాళ్లు వేరే. పేర్లు అందించే కిటికీ నా పని.

అయిదున్నర గంటలు

పాత కోడ్ తెరవగానే నాకొకటి కనిపించింది. సర్వర్ గడియారం మన కంటే అయిదున్నర గంటలు వెనక ఉంది. అది ఏ దేశంలోనో ఉన్న యంత్రం, దాని సమయం ఇంగ్లండులోని గ్రీనిచ్‌ది. దాన్ని మన సమయానికి మార్చడం ఆ కుర్రవాడు మరిచిపోయాడు.

నా ఆనందం ఇంతా అంతా కాదు. మనకంటే ముందు పనిచేసినవాడి తప్పు దొరికితే ఈ వృత్తిలో బిర్యానీ తిన్నంత తృప్తి. రమణయ్య గారితో ఇంత పెద్దది చేసి చెప్పాను. "సార్, ఇన్నాళ్లూ ఆ ఊరి వంతులు ఇంగ్లండులో నడిచినాయి. నేను ఇండియాకు తెచ్చినాను."

"పాత పేజీ ముట్టుకున్నావా?" అన్నారు ఆయన, అదొక్కటే.

"లేదు సార్. నా కిటికీలో మాత్రం గడియారం సరిచేసినాను."

అంటే ఏం చేశానో చూడండి. ఈ రోజు ఏ తేదీ, ఎవరి వంతు అనే లెక్క పాత పేజీ ఒకలా చేస్తోంది, నేను కిటికీ దగ్గర సొంతంగా ఇంకో పొయ్యి వెలిగించి మరోలా చేశాను. పరీక్ష కూడా చేశాను. పొద్దున చూశాను, మధ్యాహ్నం చూశాను, సాయంత్రం ఇంటికి పోయేముందు చూశాను. పేజీలో ఏ పేరు ఉందో కిటికీలోనూ అదే ఉంది. భేషుగ్గా ఉందని రాసిచ్చాను.

రాత్రి చూడలేదు. ఆఫీసు ఉండదు కదా.

ఒకే ఫోన్లో రెండు మాటలు

యాప్ ఊళ్లోకి వచ్చిన మొదటి రాత్రే అమావాస్య పడింది. రొయ్య ఎక్కువగా పడేది అప్పుడే. అందరికంటే మంచి చోటు ఆ రాత్రి పోలయ్యది. మరుసటి రాత్రి వెంకటేశుది. పోలయ్య పొద్దుగూకేటప్పుడే పోయి వల కట్టుకున్నాడు. అర్ధరాత్రి దాటగానే యాప్ అందరి ఇళ్లలో గంట కొట్టింది. ఆ చోటు వెంకటేశు వంతు అని చూపించింది.

వెంకటేశు లేచి పడవ వేసుకుపోయాడు. పోలయ్య కదలనన్నాడు. మాటా మాటా పెరిగింది, వెంకటేశు కత్తితో వల తాడు కోశాడు, పడిన రొయ్యంతా నీళ్లలో కలిసిపోయింది. పొద్దున్నే మా ఆఫీసుకు ఫోను వచ్చింది. నేనూ రమణయ్య గారూ రైలెక్కాం.

సంఘం షెడ్డులో ఊరిపెద్ద కావయ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చుట్టూ జనం.

"ఇంక మీదట ఫోనులో ఏ పేరుంటే ఆ పేరే అని ఊరందరికీ నేనే చెప్పినాను," అన్నాడు కావయ్య. "ఫోనులో వెంకటేశు పేరు ఉండాది. పోలయ్య వల తియ్యలా. ఇంకొకరి వంతులో వల ఉంచితే ఏందో నీకు తెల్సుగదా పోలయ్యా?"

"రాత్రి మజ్జన వంతు మారేది ఎవురన్నా చూసినారా మామా?" అన్నాడు పోలయ్య. నిద్రలేక ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. "కట్టినోడే గదా తెల్లారినాక విప్పేది?"

"నాకేమన్నా సరదానా అన్నా?" అన్నాడు వెంకటేశు. "ఫోను మోగె. పోకపోతే నా వంతు పోతాదే. పెద్దోళ్లు చుట్టు మార్చినారేమో అనుకున్నా."

"తాడు కోసింది కూడా ఫోనేనా రా?" అని ఎవరో అంటే జనం గొల్లుమన్నారు.

అప్పుడు పోలయ్య భార్య కామాక్షమ్మ ముందుకొచ్చింది. నేరుగా నా వైపే చూసింది.

"అయ్యా కంప్యూటరాయనా. రాత్రి యాప్‌లో వెంకటేశు పేరు వస్తే నాకు మనసొప్పక పాత పేజీ తెరిసినాను. దాంట్లో పోలయ్య అనే ఉండాది. ఒకే ఫోన్లో రెండు మాటలు. నా కళ్లతో చూసినాను."

కావయ్య తెరిచి చూపించమన్నాడు. ఆమె అక్కడే తెరిచింది. యాప్‌లో వెంకటేశు. పాత పేజీలోనూ వెంకటేశే.

ఎవరో కిసుక్కుమన్నారు. కామాక్షమ్మ పేజీని పైకీ కిందికీ జరిపి మళ్లీ చూసింది.

అందరూ నా మొహం చూశారు. నేను, "అట్లా జరగదమ్మా. రెండూ ఒకే చోటి నుంచి వస్తాయి. నిద్రమత్తులో ఏదో చూసి ఉంటావు," అన్నాను.

"నిద్రమత్తా?" అంది ఆమె. "మొగుడు నీళ్ల మీద ఉంటే పండుకునే ఆడది ఈ ఊళ్లో ఉండాదా? మీ ఇంట్లో ఉంటే ఉండొచ్చు."

రమణయ్య గారు కల్పించుకుని రేపటికి తేల్చి చెబుతామన్నారు. కావయ్య ఒప్పుకున్నాడు. "రేపు పొద్దుగూకేలోపల వచ్చి చెప్పండి. అందాకా ఆ చోట ఎవురూ వల కట్టబాకండి. మీ మిషన్ది తప్పు లేదంటే మాత్రం పోలయ్య పడవ ఒడ్డుకు ఎక్కాల్సిందే."

తిరుగు రైల్లో రమణయ్య గారు, "మన సిస్టంలో తప్పులేదని ఒక ముక్క రాసి పంపిద్దాం మస్తాన్, గొడవ వదిలిపోద్ది," అన్నారు.

నేను సరేనన్నాను. కానీ ఒక సంగతి నన్ను గీకుతూనే ఉంది. అబద్ధాల విషయంలో నాకు కొంత అనుభవం ఉంది. అబద్ధం చెప్పేవాళ్లు పనికొచ్చే అబద్ధం చెబుతారు. ఆమె మొగుణ్ణి కాపాడుకోవాలంటే, ఫోనులో మా ఆయన పేరే ఉందని ఒక్కమాట అంటే సరిపోయేది. రెండు పేర్లు చూశానని, ఎవరికీ అక్కర్లేని, ఎవరూ నమ్మని అబద్ధం ఎవరైనా ఎందుకు కష్టపడి అల్లుతారు?

మధ్యాహ్నం చేసిన రాత్రి

ఆ రోజు గురువారం. ఇంటికి చేరేసరికి పొద్దుగూకింది. మా ఆవిడ ఖైరూన్ అగరొత్తులు వెలిగించి, శుభ్రమైన దుప్పటి పరుస్తోంది.

"ఏంటి, పండగా?" అన్నాను విసుగ్గా.

"జుమ్మా రాత్రి కదండీ."

"ఇంకా గురువారమే కదా."

"మనకు పొద్దుగూకితే శుక్రవారమే, జుమ్మానే. ఇన్నేళ్లొచ్చినాయి, ఇదన్నా తెలీదా? మీ కంప్యూటరుకు ఎప్పుడు మారతాదో ఏమో, నాకేం తెలుసు," అని తన పనిలో తను పడింది.

నేను చెప్పులు విప్పకుండా అక్కడే నిలబడ్డాను.

మా ఇంట్లో రోజు పొద్దుగూకితే మారుతుంది. రైల్వేవాళ్లకు అర్ధరాత్రి మారుతుంది. చిన్నప్పుడు బిట్రగుంట స్టేషన్లో ఎన్నిసార్లు చూశాను! రాత్రి పన్నెండు దాటాక వచ్చే బండికి టిక్కెట్టు తీసుకుని, మూటలూ ముంతలూ పిల్లలతో ఒక రోజు ఆలస్యంగా వచ్చి, బండి నిన్ననే వెళ్లిపోయిందని తెలిసి ప్లాట్‌ఫారం మీద కూలబడేవాళ్లు. మేం పిల్లలం నవ్వేవాళ్లం. నిజానికి వాళ్లు లెక్క తప్పలేదు. వాళ్ల రోజు వేరే చోట మారేది, అంతే.

మరి సరస్సు మీద? సాయంత్రం కట్టిన వల తెల్లారి విప్పేవాడికి మధ్యలో రోజెలా మారుతుంది?

మరునాడు ఆఫీసులో అందరూ అన్నం డబ్బాలు విప్పుతుంటే, నేను పరీక్ష కోసం ఉంచుకున్న కంప్యూటరులో గడియారాన్ని ఆ గొడవ జరిగిన రాత్రి రెండు గంటలకు తిప్పాను. పాత పేజీ తెరిచాను. పోలయ్య. నా కిటికీ తెరిచాను. వెంకటేశు.

కామాక్షమ్మ చూసింది చూసినట్టే నా ముందుంది.

అన్నం మరిచిపోయాను. గడియారాన్ని కొంచెం కొంచెంగా ముందుకు జరుపుతూ పోయాను. మూడు, పోలయ్య. నాలుగు, పోలయ్య. అయిదు, పోలయ్య. అయిదున్నరకు పేజీ మారింది. వెంకటేశు. ఆ తర్వాత రెండింటిలోనూ ఒకే పేరు. ముందురోజు సంఘం షెడ్డులో ఆమె తెరిచి చూపించేసరికి అందుకే రెండూ ఒకటై ఉన్నాయి.

ఇది తట్టగానే నవ్వొచ్చింది. గ్రీనిచ్‌లో అర్ధరాత్రి అయితే మనకు తెల్లవారుజాము అయిదున్నర. ఆ కుర్రవాడు గడియారం దిద్దడం మరిచిపోయినందువల్ల, ఆ పేజీలో రోజు సరిగ్గా సరస్సు మీద తెల్లవారే వేళకు మారుతూ వచ్చింది. దేశంకాని దేశపు గడియారం మన రేవు లెక్కకు అతికినట్టు సరిపోయింది. దాన్ని నేను సరిదిద్దాను.

రమణయ్య గారికి చూపించాను. ఆయన మొహం వెలిగిపోయింది. "ఆ పిల్లోడు ఎంత తెలివిగా పెట్టినాడు రా!" అని అప్పటికప్పుడు బెంగుళూరుకు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. అవతలి నుంచి కుర్రవాడి గొంతు వినిపించింది. "ఏ సెట్టింగ్ సార్? నేనేం పెట్టలేదే."

పాత కోడ్‌లో కొన్ని తప్పులు కూలిపోయే గోడను మోస్తున్న దుంగలు. దుంగ వంకరగా ఉందని పీకే ముందు, దాని మీద ఏముందో తలెత్తి చూడండి. ఇంకొకటి, కిటికీ దగ్గర రెండో పొయ్యి పెట్టకండి. ఎవరి వంతు అనే ప్రశ్నకు ప్రాజెక్టులో ఒకే చోట జవాబుండాలి. పేజీ అక్కడికే పోవాలి, ఏపీఐ అక్కడికే పోవాలి. ఆ మధ్యాహ్నం నేను చేసిన మరమ్మతు అంతే. తర్వాత ఆ కోడ్ చదివేవాళ్ల కోసం పైన తెలుగులో ఒక వ్యాఖ్య కూడా రాసి పెట్టాను. "ఈ ఊళ్లో రోజు తెల్లవారితేనే మారుతుంది. సరిదిద్దకండి."

నేను పాత కోడ్ ముట్టుకున్నా రమణయ్య గారు ఈసారి వద్దనలేదు.

అరచేతి గీతలు

సాయంత్రానికి సంఘం షెడ్డులో ఉన్నాం. రైల్లో నేను మంచి ఉపన్యాసం తయారుచేసుకున్నాను. భూమి తిరగడం దగ్గర మొదలుపెట్టాను. గ్రీనిచ్ అనే ఊరు, అక్కడి గీత, దేశదేశాల సమయాలు, సర్వర్లు. జనం నోళ్లు తెరుచుకుని వింటున్నారనిపించింది. ఆవలింతలని తర్వాత తెలిసింది.

కావయ్య చెయ్యెత్తి ఆపాడు. "నాయనా, ఆ ఊళ్లో వల కట్టేవాళ్లు ఉండారా?"

"లేరు."

"మరి వాళ్ల ఊసు మనకెందుకు?"

"అట్టా తిప్పితిప్పి చెప్పబాకయ్యా," అంది కామాక్షమ్మ. పోలయ్య ఆమె వెనకాల నిలబడి ఉన్నాడు. "ఒకటే అడగతా. నేను చూసినానా, లేదా?"

రమణయ్య గారు నా చొక్కా అంచు పట్టుకుని లాగారు.

"చూసినావమ్మా," అన్నాను. "రెండు మాటలూ చూసినావు. పాత పేజీ చెప్పింది మీ ఊరి మాట. యాప్ చెప్పింది నేను రాసిన మాట. నేను రోజును అర్ధరాత్రి మార్చినాను. పోలయ్య తన వంతులోనే ఉన్నాడు. వెంకటేశు నన్ను నమ్మి పోయినాడు."

"మరి నిద్రమత్తు?"

"నాది."

ఈసారి జనం నవ్వితే ఆమె కూడా నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది గానీ, భుజాలు కదలడం కనిపించింది.

కావయ్య ఎక్కువసేపు ఆలోచించలేదు. పోలయ్య పడవ నీళ్లలోనే ఉంటుంది. చెడిపోయిన రాత్రికి బదులు ఈ రాత్రి ఆ చోటు పోలయ్యదే. రేపు వెంకటేశుది. మిగతావాళ్ల వంతులు వెనక్కి జరుగుతాయి. కోసిన తాడు మాత్రం వెంకటేశు తన చేత్తో ముడివేసి ఇవ్వాలి. "ఫోనుకు కత్తి లేదు గదా," అన్నాడు.

నేను అక్కడే కూర్చుని పేర్లన్నీ వెనక్కి జరిపాను. అది చేస్తూ అడిగాను, "ఇంతకీ వంతు సరిగ్గా ఎప్పుడు అయిపోతుంది పెద్దాయనా?" కాకి అరిచినప్పుడని ఒకరన్నారు, తూర్పు తెల్లబడితే అని ఒకరు. కావయ్య తన అరచెయ్యి చాపి నా మొహం ముందు పెట్టాడు. "ఈ గీతలు కనపడితే తెల్లారినట్టు."

"చలికాలంలో ఆలస్యమవుతుంది కదా?"

"చెయ్యి ఉంటాదిగా, చూసుకుంటాం."

అరచేతిని కోడ్‌లో పెట్టడం నాకు చేతకాలేదు. అయిదున్నరే ఉంచాను. కావయ్య తన పాత మాటను ఆ సాయంత్రమే అందరి ముందూ మార్చుకున్నాడు. ఫోను పేరు చెబుతుంది, వేళ మాత్రం చెయ్యి చెబుతుంది. నేను పనిచేసిన ప్రాజెక్టులన్నిటిలోకీ ఇంత శుభ్రమైన నిబంధన ఇంకొకటి చూడలేదు.

వెంకటేశు తాడు ముడివేసి ఇచ్చాడు. కామాక్షమ్మ నా నంబరు అడిగి తన ఫోనులో ఎక్కించుకుంది. మేం బయల్దేరేటప్పటికి పోలయ్య గడకర్ర భుజాన వేసుకుని పడవ వైపు పోతున్నాడు.

ఆ రాత్రి నెల్లూరులో నాకు నిద్ర పట్టలేదు. ఫోను పట్టుకుని మంచం మీద కూర్చున్నాను. పన్నెండు దాటింది. యాప్ తెరిచాను, పోలయ్య. పేజీ తెరిచాను, పోలయ్య. గంట మోగలేదు. ఇంకోసారి తెరవబోతుంటే నా ఫోనే మోగింది.

"చూసినావా?" అంది కామాక్షమ్మ.

"చూసినానమ్మా. రెంటిలోనూ పోలయ్యే."

"సరే, ఇంక పండుకో," అంది. "తెల్లారేదాకా నేను చూసుకుంటా."